ప్రెస్ కింద గాలి కన్వేయర్ ఊగుతోంది గానీ తుక్కు ముందుకు కదలడం లేదు: సలహా కావాలి

భీమవరం ప్రెస్‌షాపు

సభ్యులందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర చిన్న ప్రెస్‌షాపు. 50 టన్నుల సి-ఫ్రేమ్ ప్రెస్ మీద రొయ్యల చెరువుల ఏరేటర్లకు కావలసిన స్టెయిన్‌లెస్ క్లాంపులు, బ్రాకెట్లు కొడతాము. 30 టన్నుల ప్రెస్ మీద రైసుమిల్లుల జల్లెడ రేకులకు రంధ్రాలు కొడతాము. మొన్నటి వరకు డై (రేకును కోసే అచ్చు) కింద పడే బిళ్ళలను, అంటే రంధ్రాల నుంచి తెగిన ముక్కలను, అరగంటకోసారి ప్రెస్ ఆపి ఇనుప కొక్కెంతో బయటికి లాగేవాళ్ళము. ఒక రోజు ఫ్లైవీల్ ఇంకా తిరుగుతుండగానే మా కుర్రవాడు డై కిందికి చెయ్యి పెట్టబోయాడు. దెబ్బ తగల్లేదు గానీ, ఇక మనిషి చెయ్యి అక్కడికి వెళ్ళవలసిన అవసరమే ఉండకూడదని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

డై కింద 90 మి.మీ. ఎత్తు మాత్రమే ఖాళీ ఉంది కనుక బెల్టు కన్వేయర్ పట్టలేదు. అందుచేత గాలితో నడిచే వైబ్రేటింగ్ కన్వేయర్లు రెండు కొని, వాటికి ట్రేలు మేమే తయారు చేసి బిగించుకున్నాము. మొదటి మూడు వారాలు చక్కగా పనిచేశాయి. వానలు మొదలైనప్పటి నుంచి వేగం క్రమంగా తగ్గుతూ వచ్చి, ఇప్పుడు ట్రే ఊగుతూనే ఉన్నా దాని మీది ముక్కలు ఉన్నచోటనే ఉంటున్నాయి. గాలి పీడనాన్ని 4 బార్ నుంచి 6 బార్‌కు పెంచి చూశాము. చప్పుడు పెరిగింది, ట్రే బోల్టులు రెండు రోజులకోసారి వదులవుతున్నాయి, తుక్కు మాత్రం కదలలేదు. గాలి బయటికి వచ్చే సైలెన్సర్ చుట్టూ మజ్జిగ మీగడ లాంటి తెల్లటి జిగట పేరుకుంటోంది. జల్లెడ రేకుల నుంచి వచ్చే 2 మి.మీ. బిళ్ళలయితే ట్రేకు అతుక్కుపోతున్నాయి.

సార్వా (వానకాలపు వరి) కోతలకు ముందే మిల్లుల వారికి జల్లెడలు అందించాలి. యంత్రం పాడైందని అనుకోవాలా, మా బిగింపులో లోపం ఉందా, ఎక్కడి నుంచి పరీక్ష మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

తణుకు మెయింటెనెన్స్ ఫిట్టర్

నమస్కారమండీ. ముప్పయి ఏళ్ళు ఫ్యాక్టరీ మెయింటెనెన్సులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మీరు పీడనం పెంచితే ఫలితం ఎందుకు రాలేదో ముందుగా చెబుతాను, ఎందుకంటే ఆ సంగతి అర్థమైతే మిగిలిన పరీక్షలన్నీ మీరే చేసుకోగలరు.

ఈ రకం కన్వేయర్ రైసుమిల్లు జల్లెడ లాంటిది కాదు. మిల్లు జల్లెడలో మోటారు గింజను ఏటవాలుగా పైకి ఎగరేస్తుంది. ఇక్కడ ముక్క ఎగరదు, ట్రే మీదనే జారుతుంది. సిలిండర్ ట్రేను ముందుకు మెల్లగా తీసుకువెళ్తుంది. ఆ నెమ్మది వల్ల ముక్క ట్రేను అంటిపెట్టుకుని దానితోపాటే ముందుకు వెళ్తుంది. తరువాత ట్రేను చటుక్కున వెనక్కి లాగుతుంది. ఆ విసురుకు ఘర్షణ పట్టు తప్పి ముక్క ఉన్నచోటనే నిలిచిపోతుంది, దాని కింది నుంచి ట్రే మాత్రం వెనక్కి వస్తుంది. చేటను మెల్లగా ముందుకు చాపి చటుక్కున వెనక్కి గుంజితే గింజలు అంచుకు చేరడం మన ఇళ్ళలో చూసినదే.

అంటే ముందుకు పోయే త్వరణం ఘర్షణ పట్టగలిగిన హద్దుకు లోపల ఉండాలి, వెనక్కి వచ్చే త్వరణం ఆ హద్దును దాటాలి. ఆరిన ఇనుము మీద ఇనుముకు ఘర్షణ గుణకం సుమారు 0.5 ఉంటే, నూనె తడిసిన ముక్కకు అది 0.15 దగ్గరికి పడిపోతుంది. భూమ్యాకర్షణ త్వరణం 9.8తో గుణిస్తే, ఆరిన ముక్క సెకను వర్గానికి దాదాపు 5 మీటర్ల త్వరణం వరకు ట్రేను పట్టుకుని ఉంటుంది, నూనె ముక్క 1.5 మీటర్ల దగ్గరే జారిపోతుంది. మీరు పీడనం పెంచినప్పుడు వెనకడుగుతో పాటు ముందడుగు కూడా వేగమైంది. నూనె ముక్కలు రెండు వైపులా జారడం మొదలుపెట్టాయి కనుక ట్రే ఎంత ఊగినా అవి ఉన్నచోటనే ఉన్నాయి. కాబట్టి ముందు 4 బార్‌కు తగ్గించండి.

ఇక ఆ మెల్లన, ఆ విసురు రెండూ ట్రేకు నిజంగా చేరుతున్నాయా అన్నది చూడాలి. ప్రెస్ మెయిన్ స్విచ్ ఆపి, ఫ్లైవీల్ పూర్తిగా నిలిచిన తరువాత, కన్వేయర్‌ను మాత్రమే నడపండి. నేల మీద కదలకుండా ఒక బరువైన దిమ్మ పెట్టి, దానికి పెన్సిలు కట్టి, కన్వేయర్ బాడీకి అంటించిన కాగితానికి మొన తగిలేలా ఉంచండి. కాగితం మీద చుక్క పడితే బిగింపు గట్టిగా ఉన్నట్టు. గీత పడితే, ఆ గీత పొడవెంతో అంత కదలికను మీ స్టాండ్ తినేస్తున్నట్టు. మన డెల్టాలో నల్లరేగడి నేల మీద పలుచగా వేసిన కాంక్రీటు గచ్చు వానకాలంలో అంచుల దగ్గర ఊగడం నేను చాలా షెడ్లలో చూశాను. వీలైనంత వరకు కన్వేయర్‌ను ప్రెస్ బోల్‌స్టర్‌కే (డై కూర్చునే మందపాటి బల్లకే) మందపాటి ప్లేటుతో బిగించడం మేలు.

మీ ట్రే పొడవు, వెడల్పు, రేకు మందం ఎంత? గాలి గొట్టం ఎంత లావు, ఎంత దూరం నుంచి వస్తోంది? మీరు చెప్పిన 6 బార్ ఏ గేజి మీద చూశారు?

భీమవరం ప్రెస్‌షాపు

వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలండీ. పెద్ద ప్రెస్ ట్రే 1.8 మీటర్ల పొడవు, 250 మి.మీ. వెడల్పు, రెండు వైపులా 50 మి.మీ. అంచులు. గట్టిగా ఉంటుందని 3 మి.మీ. రేకుతో చేశాము. కన్వేయర్ యాంగిల్ స్టాండ్ మీద ఉంది, స్టాండ్‌కు నాలుగు కాళ్ళున్నా రెండింటికే యాంకర్ బోల్టులు వేశాము. గాలి 8 మి.మీ. నీలం గొట్టంలో 14 మీటర్ల దూరం నుంచి వస్తుంది, మధ్యలో ఒక క్విక్ కప్లర్ ఉంది. 6 బార్ అన్నది కంప్రెసర్ ట్యాంకు గేజి మీద చూసినది. పెన్సిలు పరీక్ష ఈ సాయంత్రం చేశాము. 7 మి.మీ. గీత పడింది.

తణుకు మెయింటెనెన్స్ ఫిట్టర్

అయితే లోపం చాలావరకు బిగింపులోనే ఉంది. కొలతలు చెప్పారు కనుక లెక్క వేద్దాము. మీ ట్రే రేకును విప్పి పరిస్తే 350 మి.మీ. వెడల్పు, 1.8 మీటర్ల పొడవు, అంటే 0.63 చదరపు మీటర్లు. 3 మి.మీ. ఇనుప రేకు చదరపు మీటరుకు 23.5 కిలోలు తూగుతుంది కాబట్టి ఖాళీ ట్రేనే దాదాపు 15 కిలోలు. యంత్రం మోయగల బరువులో ట్రే బరువు కూడా కలిసే ఉంటుందని చాలామంది గమనించరు. మీ యంత్రం కాగితాలలో రాసిన మొత్తం బరువులోంచి ఈ 15 తీసివేస్తే తుక్కుకు మిగిలేది ఎంతో చూడండి. అదే ట్రేను 1.6 మి.మీ. రేకుతో చేస్తే 8 కిలోలకు లోపే ఉంటుంది. ట్రేకు గట్టిదనం ఇచ్చేది రేకు మందం కంటే అంచుల మడత, పొడవునా ఇచ్చే పక్కటెముక. అడుగున మధ్యలో ఒక హ్యాట్ సెక్షన్ (టోపీ ఆకారంలో మడిచిన రేకు పట్టీ) వెల్డ్ చేయించండి. అయితే వెల్డింగ్ వేడికి రేకు మెలిక తిరగకుండా అక్కడక్కడ చుక్కలుగా వేయమనండి.

పొడవు కూడా ఎక్కువే. ట్రే గరిమనాభి (బరువు కేంద్రం) డ్రైవ్ మీదికి, అంటే ట్రేను ఊపే సిలిండర్ భాగం మీదికి రావాలి. ఒకే వైపు మీటరుకు మించి వేలాడితే ఆ చివర కిందికీ మీదికీ కొట్టుకుంటుంది. మీ బోల్టులు వదులవడానికి, చప్పుడుకు ముఖ్య కారణం అదే అయి ఉంటుంది. చివర కింద ఒక రోలరు ఊతం ఇవ్వండి, లేదా తొట్టిని దగ్గరికి జరిపి ట్రేను కురచ చేయండి. ట్రేను తుక్కు పోయే వైపుకు కాస్త వాలుగా పెట్టవచ్చు, ఎదురు వాలు మాత్రం కొంచెం కూడా ఉండకూడదు. స్పిరిట్ లెవెల్ పెట్టి చూడండి.

బోల్టుల కింద స్ప్రింగ్ వాషర్లను నమ్ముకోకండి. మరలు వదులవకుండా పట్టి ఉంచే జిగురు గానీ, నైలాన్ నట్లు గానీ వాడండి. బిగించిన మొదటి ఎనిమిది గంటల తరువాత మళ్ళీ ఒకసారి బిగించి, బోల్టు తల నుంచి ట్రే మీదికి పెయింటుతో ఒక గీత గీయండి. ఆ గీత విరిగిందంటే బోల్టు తిరిగిందని దూరం నుంచే తెలుస్తుంది. మా దగ్గర ప్రతి షిఫ్టు మొదట్లో ఆపరేటరు ఆ గీతలు చూసిన తరువాతే ప్రెస్ ఆన్ చేసేవాడు.

రాజమండ్రి కంప్రెసర్ మెకానిక్

పెద్దాయన యంత్రం సంగతి చెప్పారు. గాలి సంగతి నేను చెబుతాను. సైలెన్సర్ దగ్గర తెల్లటి మీగడ అన్నారు కదా, అది కంప్రెసర్ నూనె నీటితో కలిసి చిలికినట్టయిన పదార్థం. మీ సిలిండర్‌లోకి నీళ్ళు వెళ్తున్నాయి.

నీళ్ళు ఎంత వస్తాయో లెక్క చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 30 డిగ్రీల వేడిలో తేమతో పూర్తిగా నిండిన ఘనపు మీటరు గాలిలో దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. వానకాలంలో మన దగ్గర తేమ 80 శాతం అనుకుంటే 24 గ్రాములు. 10 హెచ్.పి. కంప్రెసర్ నిమిషానికి ఒక ఘనపు మీటరు గాలి పీలుస్తుందనుకుంటే గంటకు 60 ఘనపు మీటర్లు, అంటే 1,440 గ్రాముల నీరు లోపలికి వెళ్తుంది. ఆ గాలిని 7 బార్‌కు నొక్కితే ఎనిమిదో వంతు, అంటే ఏడున్నర ఘనపు మీటర్లవుతుంది. చల్లారి మళ్ళీ 30 డిగ్రీలకు వచ్చిన తరువాత ఆ కొద్ది జాగాలో ఆవిరిగా నిలవగలిగేది 225 గ్రాములే. మిగిలిన 1.2 లీటర్లు నీళ్ళయి తీరాలి. ఎనిమిది గంటల షిఫ్టుకు తొమ్మిది లీటర్లకు పైమాటే. ట్యాంకు డ్రెయిన్ వారానికోసారి తిప్పితే ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోతాయో ఆలోచించండి. మొదటి మూడు వారాలు బాగా పనిచేసి వానలతోనే మందగించిందని మీరు రాసినప్పుడే నాకు ఈ అనుమానం కలిగింది.

ముందుగా రెండు నిమిషాల పరీక్ష. కళ్ళద్దాలు పెట్టుకుని, గాలి కట్టేసి, సైలెన్సర్ విప్పి పక్కన పెట్టి, గాలి వదిలి కన్వేయర్ నడిపి చూడండి. వేగం వెంటనే తిరిగి వస్తే సైలెన్సర్ పూడుకుపోయినట్టే. బయటికి పోవలసిన గాలి పోలేకపోతే ఆ చటుక్కుమనే వెనకడుగు చచ్చుబడుతుంది. కంచు పొడితో చేసిన సైలెన్సర్ అయితే కిరోసిన్‌లో నానబెట్టి లోపలి నుంచి గాలి ఊది వాడుకోవచ్చు. ప్లాస్టిక్‌ది అయితే మార్చేయండి. సైలెన్సర్ లేకుండా అలాగే నడిపితే ఇనుప రజను లోపలికి చేరుతుంది కనుక పరీక్ష అయిపోగానే మళ్ళీ బిగించండి.

రెండవది గొట్టం. 8 మి.మీ. గొట్టం లోపలి రంధ్రం 5.5 మి.మీ. దగ్గరే ఉంటుంది. అదే అరంగుళం గొట్టమయితే దాని వైశాల్యం అయిదు రెట్లు. ట్యాంకు గేజి మీద 6 బార్ ఉన్నా కన్వేయర్ దగ్గరికి ఎంత చేరుతోందో మీకు తెలియదు. రెగ్యులేటర్‌ను, గేజిని కన్వేయర్ పక్కనే పెట్టి, నడుస్తూ ఉండగా ముల్లు చూడండి. నడుస్తున్నప్పుడు ముల్లు ఒక బార్‌కు మించి పడుతుంటే గొట్టం గానీ కప్లర్ గానీ ఇరుకన్నమాట. గొట్టం మార్చడం మీకు పెద్ద పని కాదు, 14 మీటర్లే కదా. పక్కన అయిదు, పది లీటర్ల చిన్న ట్యాంకు పెట్టుకోగలిగితే మరీ మంచిది.

మూడవది పైపు వేసే పద్ధతి. మెయిన్ పైపును నీరు ప్రవహించే దిశలో నూరు అడుగులకు ఒక అడుగు వాలు ఉండేలా వేసి, చివర డ్రెయిన్ పెట్టాలి. యంత్రానికి వెళ్ళే కొమ్మను మెయిన్ పైపు అడుగు నుంచి తీయకూడదు. పై నుంచి తీసి, మెడ వంచినట్టు వంచి కిందికి దించాలి. నీరు అడుగున పోతుంది, గాలి పై నుంచి వస్తుంది. దించిన పైపు యంత్రం దగ్గర ఆగిపోకుండా ఇంకో అడుగు కిందికి దిగి డ్రెయిన్ వాల్వ్‌తో ముగియాలి. చెరువుల ఉప్పుగాలి తగిలే చోట జి.ఐ. పైపు లోపల కూడా తుప్పు పట్టి పెచ్చులు ఫిల్టర్‌లోకి వస్తాయి. కొత్తగా వేసుకునేవారికి అల్యూమినియం పైపు మంచిదని నా అభిప్రాయం. ఖర్చు పెట్టగలిగితే ట్యాంకు తరువాత రిఫ్రిజిరేటెడ్ డ్రయర్ (గాలిని చల్లబరచి తేమ తీసే యంత్రం) ఒకటి పెట్టండి. మన వాతావరణంలో దానిని విలాసంగా భావించడం సరికాదు.

ఫిల్టర్ గిన్నె పారదర్శకంగా ఉంటే అది సాధారణంగా పాలికార్బనేట్ అనే ప్లాస్టిక్. దానిని థిన్నర్‌తో, పెట్రోలుతో, కిరోసిన్‌తో ఎప్పుడూ కడగకండి. కంటికి కనిపించని పగుళ్ళు వచ్చి పీడనంలో ఉండగా పేలిపోయే ప్రమాదం ఉంది. సబ్బు నీళ్ళు చాలు. లూబ్రికేటర్ (గాలిలో నూనె కలిపే పరికరం) విషయంలో మీ యంత్రం పుస్తకం ఏమి చెబితే అదే చేయండి. నూనె వద్దన్న యంత్రానికి వేయకండి. వేయమన్న యంత్రానికి సన్నని 32 గ్రేడు నూనె వాడండి. ఒకసారి నూనె మొదలుపెడితే లోపల ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు కొట్టుకుపోతుంది కనుక ఇక మధ్యలో ఆపకూడదు.

ఒక్క మాట. లీకులు వెతకండి. 7 బార్ దగ్గర 3 మి.మీ. కన్నం సెకనుకు పది లీటర్లకు పైగా గాలి వదిలేస్తుంది, అంటే నిమిషానికి 600 లీటర్లు. 10 హెచ్.పి. కంప్రెసర్ కష్టంలో సగానికి పైగా అందులోనే పోతుంది. భోజన విరామంలో షెడ్డు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు చెవి పెట్టి వినండి, అనుమానం ఉన్నచోట సబ్బు నురగ రాయండి.

బాలానగర్ డైమేకర్ (సొంతూరు పాలకొల్లు)

అతుక్కుపోయే చిన్న బిళ్ళల గురించి మాత్రమే చెబుతాను, మిగిలినవి పై ఇద్దరూ చెప్పారు. ఒక మి.మీ. రేకులో 2 మి.మీ. రంధ్రం కొడితే వచ్చే బిళ్ళ బరువు గ్రాములో నలభయ్యో వంతు. అంత తేలిక బిళ్ళను నూనె పొర నున్నని ట్రే మీద తడి గాజు మీద కాగితం ముక్కలా పట్టేస్తుంది. వెనకడుగు విసురు ఆ పట్టును విడిపించలేదు. కనుక ట్రే అడుగున బిళ్ళ మొత్తం ఆనకుండా చూడాలి. బుడిపెలు కొట్టిన రేకు దొరుకుతుంది, దానితో ట్రే చేయించండి. దొరకకపోతే మీకే ప్రెస్ ఉంది కదా, గుండ్రని పంచ్‌తో 1.5 మి.మీ. ఎత్తు బుడిపెలు మీరే వేసుకోవచ్చు. బుడిపెల మధ్య దూరం బిళ్ళ వ్యాసం కంటే తక్కువ ఉండాలి, లేకుంటే బిళ్ళలు వాటి మధ్యనే దాక్కుంటాయి. రేకుకు పూసే నూనెను కూడా తగ్గించండి. బ్రష్‌తో పోసే అలవాటు ఉంటే రోలరుకు మారండి.

పెద్ద ప్రెస్ మీద వస్తువులు, తుక్కు రెండూ వస్తున్నాయి కాబట్టి ఒకే డ్రైవ్ మీద ట్రేను నిలువు రేకుతో రెండు కాలువలుగా విభజించి, చివర రెండు తొట్టెలు పెట్టుకోవచ్చు. స్టెయిన్‌లెస్ తుక్కులో మామూలు ఇనుము కలిస్తే కొనేవారు ధర తగ్గిస్తారు. అందుచేత ప్రతి మెటీరియల్ మార్పుకు ట్రేను ఖాళీ అయ్యేవరకు నడిపి తొట్టె మార్చడం అలవాటు చేయండి.

భద్రత గురించి మీరే మొదట ప్రస్తావించారు కనుక చెబుతున్నాను. ట్రే కదిలి వెళ్ళే చివరకు, కదలని ఏ భాగానికైనా మధ్య, ట్రే పూర్తిగా చాచుకున్నప్పుడు కూడా కనీసం 25 మి.మీ. ఖాళీ ఉండాలి. అంతకన్నా తక్కువైతే వేలు నలుగుతుంది. కన్వేయర్‌కు పెట్టే షటాఫ్ వాల్వ్ గాలిని ఆపడంతో పాటు లోపల మిగిలిన గాలిని కూడా బయటికి వదిలే రకం కావాలి, దానికి తాళం వేసే వీలుండాలి. మామూలు బాల్ వాల్వ్ మూసినా సిలిండర్‌లో చిక్కుకున్న గాలి ట్రేను ఒక్కసారి తోయగలదు. ఇరుక్కున్న ముక్కను తీయడానికి చెయ్యి పెట్టాలంటే ప్రెస్ మెయిన్, గాలి రెండూ తాళం పడిన తరువాతే పెట్టాలి. కన్వేయర్ వచ్చింది కదా అని డై ముందరి గార్డు మాత్రం తీయకండి. ప్రెస్ మోటారు నడుస్తున్నప్పుడే గాలి వెళ్ళేలా సొలినాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్) పెడితే గాలి కూడా ఆదా అవుతుంది.

భీమవరం ప్రెస్‌షాపు

పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను. సైలెన్సర్ విప్పగానే వేగం సగం దాకా తిరిగి వచ్చింది. గేజిని కన్వేయర్ పక్కన పెట్టి చూస్తే ట్యాంకు 6 బార్ ఉన్నప్పుడు ఇక్కడ 3 దగ్గర ఊగుతోంది. అరంగుళం గొట్టం వేసి కప్లర్ తీసేశాము. స్టాండ్ మానేసి 20 మి.మీ. ప్లేటుతో బోల్‌స్టర్‌కే బిగించాము, పెన్సిలు ఇప్పుడు చుక్క మాత్రమే పెడుతోంది. ట్రేను 1.6 మి.మీ. రేకుతో, 1.2 మీటర్లకు కుదించి చేశాము. 4 బార్‌తో క్లాంపులు, తుక్కు రెండూ నిలకడగా పోతున్నాయి. ఇంతవరకు పెయింటు గీత ఒక్కటీ విరగలేదు. మా కుర్రవాడు కొక్కెం పక్కన పడేశాడు. డ్రయర్ వచ్చే నెలలో కొంటాము, అప్పటివరకు ట్యాంకు డ్రెయిన్ రెండు గంటలకోసారి తిప్పుతున్నాము.

బుడిపెల ట్రే చిన్న ప్రెస్‌కు పెట్టాము, బిళ్ళలు పోతున్నాయి. కానీ ఉదయం మొదటి అరగంట మాత్రం మళ్ళీ అతుక్కుంటున్నాయి, తరువాత సర్దుకుంటోంది. దీనికి కారణం ఏమై ఉంటుంది?

రాజమండ్రి కంప్రెసర్ మెకానిక్

రెండు కారణాలు ఉండవచ్చండీ. రాత్రంతా గొట్టం చల్లబడి లోపల చేరిన నీరు ఉదయం మొదటి దెబ్బలకే సిలిండర్‌లోకి వెళ్తుంది. షిఫ్టు మొదలుపెట్టే ముందు, కన్వేయర్ వాల్వ్ తెరవకుండా, కిందికి దించిన పైపు డ్రెయిన్‌ను నీళ్ళు ఆగి పొడి గాలి వచ్చేవరకు తెరిచి ఉంచండి. రెండవది, ట్రే మీద మిగిలిన నూనె, రజను కలిసి రాత్రికి చిక్కబడి జిగురవుతాయి. సాయంత్రం ట్రేను ఖాళీ చేసి, ప్రెస్‌కు, గాలికి తాళం వేసి, పొడి గుడ్డతో తుడిచి వెళ్ళమనండి. ఒక రోజు డ్రెయిన్ పని మాత్రమే చేసి, మరుసటి రోజు తుడవడం మాత్రమే చేసి చూస్తే రెండింటిలో ఏది కారణమో తేలుతుంది.